మంట ఎక్కడ పుట్టింది? – అగ్నిప్రమాద విచారణలో మూలసూత్రాలు

(సహకార విద్యా పాఠం – వ్రాసినది: సహకార ఇన్‌స్పెక్టరు, గుండుగొలను)



మాసూళ్ళు ముగిసి గడ్డి ఇల్లు చేరినప్పటి నుండి తొలకరి పడేవరకు మన ప్రాంతంలో నిప్పు భయం తప్పదు. కాలువ కింది ఊరైనా, కొల్లేటి అంచున కిక్కిస గడ్డి మొలిచే లంకయినా, గడ్డిమేటు లేని పాడి ఇల్లు అరుదు. ఒక మేటు కాలిపోతే ఆ ఇంటి పశువులకు నెలల తరబడి మేత పోయినట్లే. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే సంఘానికి వచ్చే క్యాన్లు తగ్గుతాయి.

నిప్పు చేసే నష్టం అంతటితో ఆగదు. మంట పూర్తిగా ఆరకముందే "ఎవడు పెట్టాడు?" అనే ప్రశ్న పుడుతుంది. గట్టు తగాదా ఉన్నవాని పేరో, కిందటి సంఘ ఎన్నికలలో ఎదురు నిలిచినవాని పేరో నోటికి వస్తుంది. సంఘం ఆఫీసులో నిప్పు పడితే "లెక్కలు కాల్చేశారు" అని ఒక వర్గం, "షార్ట్ సర్క్యూటే" అని ఇంకొక వర్గం తీర్మానించి కూర్చుంటాయి. కాలిన చోటును ఇరువురూ సరిగా చూసి ఉండరు. కాలిన గడ్డి మరుసటి పంటకు వస్తుంది. రెండు కుటుంబాల మధ్య చెడిన నమ్మకం అంత త్వరగా రాదు.

పైగా ఇది కేవలం ఊరి మాట కాదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షను ప్రకారం, పంటతో సహా ఏ ఆస్తినైనా తగులబెట్టిన వారికి ఏడేండ్ల వరకు జైలు పడవచ్చును. నివాస గృహానికి నిప్పు పెడితే యావజ్జీవ శిక్ష వరకు ఉన్నది. ఇంతటి నిందను ఒకరి మీద వేసేముందు నిప్పు వదలిన గుర్తులు ఏమి చెబుతున్నవో తెలుసుకొనవలెను. ఈ పాఠంలో ఆ సంగతులు వరుసగా చూద్దాము.

1. నిప్పుకు కావలసినవి మూడు

మండే వస్తువు, గాలి, వేడి – ఈ మూడూ ఒకచోట కలిస్తేనే నిప్పు పుడుతుంది. ఏ ఒక్కటి తీసివేసినా ఆరిపోతుంది. నీళ్ళు చల్లితే వేడి పోతుంది. తడి గోనె కప్పితే గాలి పోతుంది. పక్కనున్న గడ్డిని లాగివేస్తే మండే వస్తువు పోతుంది.

ఆర్పేటప్పుడు పనికివచ్చే ఈ సూత్రమే విచారణలోనూ పనికివస్తుంది. విచారించేవాడు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. మొదట అంటుకొన్న వస్తువు ఏది? దానిని అంటించిన వేడి ఎక్కడ నుండి వచ్చింది? ఆ రెండూ ఒకచోటికి ఎట్లా చేరాయి? ఈ మూడవ ప్రశ్నకు సమాధానమే అసలు కారణం. "బీడీ వల్ల కాలింది" అంటే సగం మాట. ఆ బీడీ ముక్క ఎండుగడ్డి దగ్గరకు ఎట్లా వచ్చిందో చెప్పినప్పుడే మాట పూర్తవుతుంది.

2. చోటు ముందు, కారణం తరువాత

విచారణలో అన్నిటికంటె పెద్ద సూత్రం ఇదే. మంట పుట్టిన చోటు తెలియకుండా కారణం చెప్పరాదు. తూర్పు మూలన పుట్టిన మంటకు పడమటి గోడమీది స్విచ్చి బోర్డును కారణం చేస్తే విచారణ అక్కడే చెడుతుంది.

చోటును ఎట్లా కనుక్కోవాలి? తక్కువ కాలిన చోటు నుండి ఎక్కువ కాలిన చోటుకు నడవవలెను. మంట సహజంగా పైకి, పక్కలకు పాకుతుంది. అందుచేత గోడ మీద మసి కింద సన్నగా, పైన వెడల్పుగా, విసనకర్ర విప్పినట్లు కనిపిస్తుంది. దాని అడుగు కొన తరచు మంట మొదలైన చోటును చూపుతుంది. రాటలు, దూలాలు మంట వచ్చిన వైపున లోతుగా బొగ్గవుతాయి, అవతలి వైపున తక్కువ కాలుతాయి. వరుసగా నాలుగు రాటలు చూస్తే మంట ఏ దిక్కు నుండి ఏ దిక్కుకు పోయిందో తెలుస్తుంది.

పాల కేంద్రంలో ఉండే వస్తువులే మనకు వేడి కొలిచే సాధనాలు. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల వద్ద, రాగి సుమారు 1,085 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఒక మూలనున్న అల్యూమినియం క్యాన్లు కరిగి ముద్దయి, ఇంకొక మూలనున్నవి మసి మాత్రమే పట్టి నిలిచి ఉంటే ఎక్కడ ఎక్కువ వేడి పుట్టిందో అవే చెబుతాయి. ఐతే ఎక్కువ కాలిన చోటే మొదలైన చోటు కానక్కరలేదు. దాణా బస్తాలో, డీజిలు డబ్బానో ఉన్నచోట మంట ఆలస్యంగా చేరినా ఎక్కువసేపు మండుతుంది. కనుక ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పరాదు. నాలుగైదు గుర్తులు ఒకే దిక్కు చూపవలెను.

తాటాకు పాకల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. కప్పు అంటుకొంటే మండుతున్న ఆకులు రాలి కింద రెండు మూడు చోట్ల విడివిడిగా అంటిస్తాయి. తెల్లవారి చూసినవారు "మూడుచోట్ల కాలింది, కాబట్టి ఎవరో మూడుచోట్ల పెట్టారు" అనుకొంటారు. కప్పు నుండి రాలిన నిప్పు కాదని తేలేవరకు ఆ మాట అనరాదు.

ఆరుబయట ఐతే గాలిని లెక్కలోకి తీసుకొనవలెను. వేసవిలో మధ్యాహ్నం పడమటి గాలి వీచి, పొద్దువాలిన తరువాత సముద్రపు గాలి తిరగడం మనకు తెలిసినదే. అందుచేత "గాలి ఎటు ఉంది?" అని మాత్రమే అడిగితే చాలదు. "ఏ వేళకు ఎటు ఉంది?" అని అడగవలెను.

3. తొలి అనుమానం మీద నమ్మకం పెట్టరాదు

2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉన్న మరపడవలకు మంట పాకి దాదాపు 40 పడవలు దెబ్బతిన్నాయి. పడవలలో డీజిలు, వంటగ్యాసు సిలిండర్లు, నైలాను వలలు ఉండటంతో మంటను ఆపడం కష్టమైంది. ఎందరో మత్స్యకారుల జీవనాధారం ఒక్క రాత్రిలో పోయింది.

తొలి అనుమానం ఆ రాత్రి రేవులో మిత్రులతో విందు చేసుకొన్నాడని చెప్పుకొన్న ఒక యువకుని మీద పడింది. చేపలవేట వీడియోలు తీసి పేరు తెచ్చుకొన్న మనిషి కావడంవల్ల ఆ మాట రాష్ట్రమంతా పాకింది. పోలీసులు అతనిని అదుపులోకి తీసుకొని ప్రశ్నించారు. తరువాత రేవులోని కెమెరాల దృశ్యాలను వేళ ప్రకారం పరిశీలించగా కథ మారింది. వేరొక పడవలో మద్యం తాగుతూ చేపలు వేపుకొన్న ఇద్దరు విసిరిన సిగరెట్టు పక్క పడవలోని నైలాను వల మీద పడి అంటుకొన్నదని, మంట లేచేసరికి వారిద్దరు అక్కడ నుండి వెళ్ళిపోయారని పోలీసులు ప్రకటించి, వారిని అరెస్టు చేశారు.

దీని నుండి మనం నేర్వవలసినది ఏమిటి? తొలి అనుమానానికి ఆధారం "ఆ మనిషి అక్కడ ఉన్నాడు" అన్నది మాత్రమే. తరువాతి నిర్ణయానికి ఆధారం ఏ పడవ ముందు అంటుకొన్నది, ఏ వేళకు, అప్పుడు అక్కడ ఎవరున్నారు అన్న వరుస. చోటు, వేళ తేలిన తరువాత మనిషి దగ్గరకు వెళ్ళడం సరియైన మార్గం. మనిషిని ముందు పట్టుకొని చోటును అతని చుట్టూ అల్లడం తప్పుదారి. ఆ రేవులో కెమెరాలు లేకుంటే ఆ యువకుని గతి ఏమిటో ఆలోచించండి. మన గడ్డిమేట్ల దగ్గర కెమెరాలు లేవు. కనుక మనకు జాగ్రత్త మరింత అవసరం.

4. రవ్వ వేరు, కారణం వేరు

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు పైపులైను పగిలి మంటలు లేచాయి. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇండ్లు, కొబ్బరిచెట్లు, పశువులు కాలిపోయాయి. ముందుగా కారిన గ్యాసు ఊరి మీద పరచుకొని ఉండగా, ఎవరో పొయ్యి వెలిగించడంతో అంటుకొన్నదని అప్పట్లో చెప్పుకొన్నారు.

పొయ్యి వెలిగించడం తప్పా? తెల్లవారితే ప్రతి ఇంటా జరిగే పనే. విచారణలో బయటపడిన అసలు సంగతి వేరు. తేమలేని గ్యాసు కోసం ఉద్దేశించిన పైపులో నీరు, ఇతర ద్రవాలు కలిసిన గ్యాసు పోవడంవల్ల పైపు లోపల తుప్పు పట్టి తినివేసింది. అంటే వేడి ఇచ్చినది ఒక చిన్న మంట. ప్రమాదానికి కారణం ఏండ్ల తరబడి పైపులో పెరిగిన తుప్పు, దానిని పట్టించుకోని నిర్వహణ.

మన సంఘాలకు కూడా ఈ భేదం వర్తిస్తుంది. జనరేటరు గదిలో డీజిలు కారి నేల నాని ఉండగా స్విచ్చి వేసిన కుర్రవాడిని నిందించి లాభం లేదు. డీజిలు కారుతున్నదని పాలకవర్గానికి ఎప్పుడు తెలిసింది, తెలిసి ఏమి చేసింది అన్నది విచారించవలెను. అప్పుడే మరొక ప్రమాదం తప్పుతుంది.

5. గడ్డిమేటు తనంత తాను కాలునా?

కాలును. చాలామంది నమ్మని సంగతి ఇది.

గడ్డి తడిగా ఉండగా మేటు వేస్తే లోపల కంటికి కనిపించని సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టిస్తాయి. మేటు మధ్యనుండి ఆ వేడి బయటకు పోలేదు. తేమ నూటికి 20 పాళ్ళు దాటిన మేతలో ఈ భయం ఎక్కువ. వేడి క్రమంగా పెరిగి లోపల గడ్డి గోధుమరంగుకు, ఆపైన నల్లగా మారుతుంది. చివరకు గాలి తగిలే దారి దొరికినప్పుడు భగ్గుమంటుంది. మేటు వేసిన కొద్ది రోజుల నుండి ఆరు వారాల లోపల ఇట్లా జరగడం ఎక్కువ. బాగా ఎండిన వరిగడ్డిలో ఈ భయం తక్కువ. పచ్చిమేత కోసి సరిగా ఎండనివ్వక పేర్చినప్పుడు, మాసూళ్ళలో వాన తడిపిన గడ్డిని తొందరపడి మేటు వేసినప్పుడు భయం ఉన్నది.

లోపల పుట్టిన మంటకు, బయట అంటించిన మంటకు గుర్తులు వేరు. బయట నుండి అంటుకొన్న మేటు పై పొర, అంచులు ముందు కాలుతాయి. బిగువుగా తొక్కిన గడ్డిలోకి గాలి సులభంగా పోదు కాబట్టి నడిమి భాగం చాలాసేపు నిలుస్తుంది. లోపల నుండి కాలిన మేటులో నడుమ నల్లని గుహ వంటి ఖాళీ, దాని చుట్టూ గోధుమరంగు తిరిగిన గడ్డి కనిపిస్తాయి. ప్రమాదానికి ముందు కొన్ని రోజులు మాడిన బెల్లం వాసన వచ్చిందా, ఉదయం పూట మేటు నుండి ఆవిరి లేచిందా అని ఇంటివారిని అడగవలెను. ఆవిరి, వాసన, నడుమ గుహ – మూడూ కలిసినచోట పొరుగువాని పేరు ఎత్తవలసిన అవసరం లేదు.

అనుమానం ఉన్న మేటులోకి ఒక ఇనుప ఊచను లోతుగా గుచ్చి, అరగంట ఉంచి తీసి చూడండి. చేత్తో పట్టుకొనలేనంత వేడిగా ఉంటే ప్రమాదం దగ్గరపడినట్లే. అట్టి మేటును నీళ్ళు, మనుషులు సిద్ధంగా లేకుండా విప్పరాదు. విప్పగానే గాలి తగిలి అంటుకొంటుంది. మేటు మీదికి ఎక్కరాదు. లోపల గుల్లబడి ఉంటే మనిషి దిగబడిపోతాడు.

బయటి కారణాలలో మన ప్రాంతంలో మొదట చూడవలసినవి: పశువుల పాకలో దోమలకు వేసిన పొగ, పూర్తిగా ఆరని పొయ్యి బూడిద, మేటు మీదుగా వేలాడే కరెంటు తీగ, పక్క చేలో తగులబెట్టిన కొయ్యకాళ్ళు.

6. సంఘం ఆఫీసులో నిప్పు పడితే

"షార్ట్ సర్క్యూట్" అనే మాటను నివేదికలలో చాలా చౌకగా వాడుతున్నారు. కాలిన వైరు కనిపించగానే అదే కారణమని వ్రాస్తారు. వేరొక కారణంతో పుట్టిన మంట వైరు మీది తొడుగును కాల్చినా రెండు తీగలు తగిలి ఫ్యూజు పోతుంది. అంటే ఫ్యూజు పోవడం మంటకు కారణమూ కావచ్చు, ఫలితమూ కావచ్చు. రాగి తీగ కొనకు గుండ్రని చిన్న పూస కనిపిస్తే, మంట వేళకు ఆ తీగలో కరెంటు ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. ఆ తీగ మంట పుట్టిన చోటనే ఉన్నదా, అక్కడ మండే వస్తువు ఉన్నదా అని చూడవలెను. ఆ వేళకు లైను ట్రిప్పయిందా అని సబ్‌స్టేషనులో అడగవలెను.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో నిప్పు లేచి రెవెన్యూ ఫైళ్ళు పెద్దసంఖ్యలో కాలిపోయాయి. అక్కడ కూడా షార్ట్ సర్క్యూట్ మాట వచ్చింది. ఐతే మరునాడే రాష్ట్ర డి.జి.పి. స్వయంగా వెళ్ళి చూసి, ఇది ప్రమాదంగా కనిపించడం లేదని చెప్పారు. విద్యుత్ శాఖవారిని, ఫోరెన్సిక్ నిపుణులను పిలిపించి పరిశీలన చేయించారు. సగం కాలిన ఫైళ్ళను ఏరి భద్రపరిచారు. కేసు సి.ఐ.డి.కి వెళ్ళింది. నేరం ఎవరిదన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. మనం గ్రహించవలసినది ఒక్కటే: చెప్పిన కారణాన్ని చెప్పినట్లు వ్రాసుకొనక, పరీక్షించి చూశారు.

కాలిన కాగితాలు పూర్తిగా నోరు మూసుకొనవు. మూసి ఉన్న లావు పుస్తకం సులభంగా కాలదు. పేజీల మధ్య గాలి ఉండదు కనుక అంచులు మాడి లోపలి వ్రాత నిలుస్తుంది. పుస్తకం పూర్తిగా బూడిద అయినదంటే చాలాసేపు తీవ్రమైన మంటలో ఉండి ఉండవలెను, లేదా విప్పి పేజీలు విడదీసి ఉండవలెను. గదిలో మిగతా వస్తువులను చూస్తే ఆ రెండింటిలో ఏది నిజమో చాలావరకు తెలుస్తుంది. అలమరలో పుస్తకం ఉన్నచోట పలక మీద మసి పడక శుభ్రమైన చతురం మిగులుతుంది. "నగదు పుస్తకం ఇక్కడే ఉండి కాలిపోయింది" అని చెప్పినచోట పలకంతా ఒకే తీరుగా మసి పట్టి ఉంటే, మంట వేళకు ఆ పుస్తకం అక్కడ లేదేమో అని అడగవలెను. అదే విధంగా శుభ్రమైన చతురం కనిపిస్తే అది నిజాయితీగల కార్యదర్శికి పెద్ద సాక్ష్యం. గుర్తులు నేరస్థుని పట్టించడానికి ఎంత ఉపయోగమో, నిర్దోషిని కాపాడడానికీ అంతే ఉపయోగం.

మాడిన కాగితాలను దులపరాదు, విడదీయరాదు. కింద అట్ట దూర్చి ఎత్తి, దూది పరచిన పెట్టెలో ఉంచవలెను. కంటికి కనిపించని సిరాను ప్రత్యేకమైన కాంతిలో చదవగల సాధనాలు ఫోరెన్సిక్ ప్రయోగశాలలలో ఉన్నవి.

వెన్న పరీక్షకు వాడే అమైల్ ఆల్కహాలు సులభంగా మండే ద్రవం. గంధకామ్లం తాను మండదు గాని గోనె, గడ్డి మీద ఒలికితే వాటిని మాడ్చుతుంది. నీళ్ళు తగిలితే తీవ్రమైన వేడి పుట్టిస్తుంది. పాల కేంద్రంలో నేలమీద మండే ద్రవం జాడ దొరికినంత మాత్రాన ఎవరో తెచ్చి పోశారని అనుకొనరాదు. ఆ సీసాలు మామూలుగా ఎక్కడ ఉంటాయో, స్టాకు రిజిస్టరులో ఎంత ఉన్నదో ముందు చూడవలెను.

7. తప్పుడు గుర్తుల ఫలితం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1991 డిసెంబరులో ఒక ఇల్లు కాలి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. నేలమీది కాలిన గుర్తులు, పగుళ్ళు పట్టిన కిటికీ అద్దాలు చూసి మండే ద్రవం పోశారని విచారించినవారు చెప్పారు. తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్‌కు మరణశిక్ష పడి, 2004 ఫిబ్రవరిలో అమలైంది. ఆ గుర్తులు ద్రవం పోశారనడానికి రుజువు కావని తరువాత పలువురు అగ్నిశాస్త్ర నిపుణులు తేల్చారు. మూసిన గదిలో వేడి పెరిగి సుమారు 600 డిగ్రీలకు చేరితే గది అంతా ఒక్కసారిగా అంటుకొంటుంది. ఆపైన నేల కూడా అచ్చం కిరసనాయిలు పోసినట్లే కాలుతుంది. వేడెక్కిన అద్దం మీద ఆర్పే నీళ్ళు పడినా సన్నని పగుళ్ళు వస్తాయి.

ఏండ్ల అనుభవం ఉన్నవారే ఇట్లా పొరపడితే, అరుగు మీద కూర్చొని చెప్పే తీర్పుల విలువ ఎంత? అందుకే సరియైన విచారణలో సాధ్యమైన కారణాలన్నీ కాగితం మీద వ్రాసి, ఒక్కొక్కదానిని గుర్తులతో సరిపోల్చి, పొసగనివి కొట్టివేస్తారు. ఏదీ నిలవకపోతే "కారణం నిర్ధారణ కాలేదు" అని వ్రాస్తారు. అది చేతగానితనం కాదు, నిజాయితీ.

8. సభ్యులు, పాలకవర్గం చేయవలసినవి

(అ) ముందు మనుషులను, తరువాత పశువులను తప్పించి, 101కి గాని 112కు గాని ఫోను చేయవలెను. విచారణ సంగతి మంట ఆరిన తరువాతనే.

(ఆ) ఆర్పేవారు మొదట చూసినది గుర్తుంచుకొనవలెను: మంట ఏ మూలన ఉంది, పొగ రంగు ఏమిటి, తలుపు తాళం వేసి ఉందా, ఎవరు పగలగొట్టారు, దీపాలు వెలుగుతున్నవా.

(ఇ) మంట ఆరిన తరువాత చోటును ఊడ్చరాదు, బూడిద ఎత్తరాదు. తాడు కట్టి ఒక మనిషిని కాపలా ఉంచవలెను. శుభ్రం చేయాలనే మంచి ఉద్దేశమే చాలాచోట్ల సాక్ష్యాన్ని పోగొడుతున్నది.

(ఈ) నాలుగు దిక్కుల నుండి, తరువాత దగ్గరగా ఫోటోలు తీయవలెను. ఫోటో తీయకముందు ఏ వస్తువునూ కదపరాదు.

(ఉ) చూసినవారి మాటలను విడివిడిగా, అదే రోజున వ్రాసుకొనవలెను. అందరూ ఒకచోట కూర్చొని మాట్లాడుకొంటే పది కథలు కలిసి ఒక కథ అవుతుంది.

(ఊ) పోలీసు స్టేషనుకు, అగ్నిమాపక కేంద్రానికి, బీమా కంపెనీకి, సంఘం వ్యవహారమైతే సహకార శాఖకు కూడా వెంటనే వ్రాతపూర్వకంగా తెలియపరచవలెను. గడ్డి, దాణా తనంత తాను వేడెక్కి కాలితే కొన్ని పాలసీలలో పరిహారం ఉండదు. మీ పాలసీలో ఏమున్నదో నిప్పు పడకముందే చదివించుకొనండి.

(ఋ) సాయంత్రం పాలసేకరణ ముగియగానే ఆ రోజు లెక్కలకు నకలు వేరొకచోట ఉంచవలెను. ఇనుప బీరువాకు తాళం వేయవలెను. నకలు ఉన్న సంఘంలో లెక్కలు కాల్చి లాభపడేవారు ఉండరు, కాల్చారనే నిందా నిలవదు.

చర్చకు ప్రశ్నలు (మహాజన సభలో చదివి మాట్లాడుకొనవలెను)

1. మన కేంద్రంలో మండే వస్తువులు ఏవేవి? వాటికి దగ్గరగా వేడి పుట్టించేవి ఏవి?
2. మన సంఘం పుస్తకాలకు నకళ్ళు ఉన్నవా? ఎవరి వద్ద?
3. ఇదివరలో మన ఊరిలో కాలిన మేట్లకు చెప్పుకొన్న కారణాలలో, చోటు చూసి చెప్పినవి ఎన్ని, ఊహించి చెప్పినవి ఎన్ని?

మూడవ ప్రశ్న మీద కొంచెం ఎక్కువసేపు కూర్చోండి. ఊహించి చెప్పిన కారణం వల్ల ఇంకా మాటలు లేని రెండు ఇండ్లు మీ ఊరిలో ఉంటే, ఆ విషయం మళ్ళీ ఎత్తి చల్లబరచవలసిన బాధ్యత సంఘం పెద్దలది. ఆ రెండు ఇండ్ల పాలూ ఉదయం ఒకే క్యానులో పడుతున్నవి గదా!